మీదే ఊరు అని అడిగే బీమా

అందరికీ నమస్కారం.

మన తెలుగువాళ్ళు ఎక్కడ కలుసుకున్నా ముందుగా అడిగే మాట ఒకటుంది. రైల్లో ఎదురు సీటులో కూర్చున్నా, పెళ్ళిపందిట్లో పక్క కుర్చీలో కూర్చున్నా, పేరు కన్నా ముందు ఆ ప్రశ్నే వస్తుంది. "మీదే ఊరండీ?" దానికి జవాబు చెప్పాక గాని మాట ముందుకు సాగదు. ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేది ఆ ప్రశ్న గురించే. అడిగేది మాత్రం పక్క సీటు పెద్దాయన కాదు, ఊరు కాని ఊళ్ళో, దేశం కాని దేశంలో, రాత్రిపూట ఆస్పత్రి కౌంటరు అడుగుతుంది. ఆ తర్వాత బీమా కంపెనీ అడుగుతుంది.

ఇందాక నిర్వాహకులు చేతులెత్తమన్నప్పుడు చూశాను. ల్యాప్‌టాప్ పట్టుకుని ఏడాదిలోపే విదేశానికి వెళ్ళి, ఇక్కడి ఉద్యోగమో ఫ్రీలాన్స్ పనో అక్కడి నుంచే చేసుకోవాలనుకునేవాళ్ళు ఈ హాల్లో సగం మందికి పైగా ఉన్నారు. వెనుక వరుసల్లో కొందరి తల్లిదండ్రులు కూడా వచ్చారు. వాళ్ళు రావడం నాకు మరీ సంతోషం. ఎందుకో చివర్లో చెబుతాను.

మీలాంటివాళ్ళను పత్రికలు డిజిటల్ నోమాడ్స్ అంటున్నాయి. మన భాషలో దేశదిమ్మరి అనే పాత మాట ఉంది. దాన్ని పెద్దలు మందలింపుగా వాడారు గాని, నాకు అందులో తప్పేమీ కనిపించదు. దేశాలు తిరగాలని ఉండటం మంచి కోరిక. నేను మిమ్మల్ని ఆపడానికి రాలేదు.

నేను పద్దెనిమిదేళ్ళుగా ఆరోగ్య బీమా క్లెయిములు పరిశీలించే పనిలో ఉన్నాను. ఆస్పత్రి బిల్లు, డిశ్చార్జి సమ్మరీ, పాలసీ కాగితం, ఈ మూడూ పక్కపక్కన పెట్టుకుని చదవడం నా వృత్తి. ఇంత అనుభవం ఉన్న నా ఇంట్లోనే ఏం జరిగిందో ముందు చెబుతాను.

2025 జూలై. రాత్రి ఎనిమిదిన్నరకు ఫోన్. మా తమ్ముడు. "అక్కా, కంగారు పడకు" అన్నాడు. ఆ మాటతో మొదలైందంటే కంగారు పడవలసిన విషయమే అని ఇంట్లో ఆడవాళ్ళందరికీ తెలుసు. వాడు అప్పటికి ఎనిమిది నెలలుగా థాయిలాండ్‌లోని చియాంగ్‌మాయ్‌లో ఉంటున్నాడు. ఊరికి పడమట దోయ్ సుతేప్ అని కొండ ఉంది, దాని మీద పేరున్న బౌద్ధాలయం. ఆ కొండ దారిలో వాన పడుతుండగా, మలుపు దగ్గర అద్దె స్కూటరు జారింది. ఎడమ మోకాలి కింది ఎముక విరిగింది. దారిన పోయేవాళ్ళు 1669కు ఫోన్ చేశారు. అక్కడ అంబులెన్సు నంబరు అదే. అది వచ్చి దగ్గర్లో ఉన్న ప్రైవేటు ఆస్పత్రికి తీసుకువెళ్ళింది.

ఆస్పత్రి వాళ్ళు మంచివాళ్ళే. వెంటనే ఎక్స్‌రే తీశారు, నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చారు, కాలికి బద్ద కట్టారు. ఆ తర్వాత ఒకమ్మాయి కాగితాలు పట్టుకుని మంచం దగ్గరికి వచ్చింది. పాస్‌పోర్టు అడిగింది. పాస్‌పోర్టు స్కూటరు అద్దెకిచ్చిన దుకాణంలో ఉంది. హామీ కింద పెట్టుకున్నారు. దుకాణం మూసేశారు. సరే, ఫోన్‌లో ఉన్న నకలు చూపించాడు. చిరునామా అడిగింది. చియాంగ్‌మాయ్‌లో గది చిరునామా చెప్పాడు. శాశ్వత చిరునామా అడిగింది. మియాపూర్‌లో వాడు ఖాళీ చేసి వచ్చిన ఫ్లాటు చెప్పాడు. అందులో అప్పటికే వేరేవాళ్ళు ఉంటున్నారు. బీమా ఉందా అంది. ఉందని పాలసీ చూపించాడు. ఆపరేషన్ పొద్దున్నే చేస్తాం, బీమా కంపెనీ నుంచి హామీ లేఖ వచ్చేలోగా లక్ష బాత్ డిపాజిట్ కట్టండి అంది.

బీమా కంపెనీ హెల్ప్‌లైన్ వాళ్ళు కాగితాలన్నీ అందాక చూసి చెబుతాం అన్నారు. డబ్బు నేనే కట్టాలి. ఆస్పత్రి వాళ్ళు పంపిన లింకులో నా క్రెడిట్ కార్డు నంబరు కొట్టాను. వెళ్ళలేదు. మళ్ళీ కొట్టాను, వెళ్ళలేదు. 2020 నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం మన కార్డుల మీద విదేశీ లావాదేవీలు మనం తెరిస్తేనే తెరుచుకుంటాయి. నేను ఎన్నడూ తెరవలేదు. యాప్‌లో అది ఎక్కడుందో వెతికి, పరిమితి పెంచి, డబ్బు కట్టేసరికి పదిన్నర దాటింది. ఆ రెండు గంటలూ అమ్మ నా పక్కనే కూర్చుని ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

ఆపరేషన్ బాగా జరిగింది. ఎముకలో రాడ్ వేశారు. ఆరు రోజుల తర్వాత ఇంటికి పంపారు. మొత్తం బిల్లు 3,10,000 బాత్. మన డబ్బులో ఎనిమిది లక్షల పైమాట. ఐదు వారాలకు బీమా కంపెనీ నుంచి లేఖ వచ్చింది. క్లెయిము తిరస్కరించారు. రెండు కారణాలు చూపించారు.

మొదటిది: మా తమ్ముడు 2024 నవంబరులో ఇక్కడి నుంచి వెళ్ళేటప్పుడు 180 రోజులకు ప్రయాణ బీమా తీసుకున్నాడు. అది ముగిసింది. మే నెలలో వీసా నియమం కోసం వియత్నాం వెళ్ళి, డా నాంగ్‌లో రెండు వారాలు ఉండి మళ్ళీ థాయిలాండ్ వచ్చాడు. అప్పుడు ఆన్‌లైన్‌లో ఇంకో పాలసీ కొన్నాడు. ఫారంలో భారతదేశం నుంచి బయలుదేరే తేదీ అని ఉంటే, మే నెలలో ఒక తేదీ వేశాడు. పాస్‌పోర్టులో ముద్ర మాత్రం నవంబరు నాటిది. ఆ పాలసీ నియమం ప్రకారం ప్రయాణం భారతదేశంలోనే మొదలవ్వాలి. అది కొనేటప్పటికే వాడు విదేశంలో ఉన్నాడు. రెండోది: వాడి దగ్గర అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ లేదు. ఆ దేశంలో చెల్లే లైసెన్సు లేకుండా బండి నడుపుతూ గాయపడితే ఇవ్వం అని పాలసీలో స్పష్టంగా రాసి ఉంది.

ఆ లేఖను నేను నాలుగుసార్లు చదివాను. నా తమ్ముడు కాకుండా ఇంకెవరైనా అయి, ఆ ఫైలు నా బల్ల మీదికి వచ్చి ఉంటే, నేనూ అదే లేఖ రాసి ఉండేదాన్ని. అక్షరం కూడా మార్చేదాన్ని కాదు. అది ఒప్పుకోవడానికి నాకు చాలా కష్టమైంది.

ఒక్క డబ్బు మాత్రం వచ్చింది. అది కూడా వాడి గది యజమానురాలి పుణ్యం. థాయిలాండ్‌లో ప్రతి బండికీ తప్పనిసరి వాహన బీమా ఉంటుంది. తప్పు ఎవరిదైనా సరే, ప్రమాదంలో గాయపడ్డవాళ్ళకు 30,000 బాత్ వరకు ప్రాథమిక వైద్య ఖర్చు అందులో వస్తుంది. ఆవిడ స్కూటరు దుకాణానికి వెళ్ళి, ఆ బీమా కాగితం తెచ్చి ఆస్పత్రిలో ఇచ్చింది. పాస్‌పోర్టు కూడా తనే విడిపించి తెచ్చింది. విదేశీయులకు కూడా ఆ బీమా వర్తిస్తుందని మాకు తెలియదు. మీరు ఎక్కడ బండి అద్దెకు తీసుకున్నా ఆ కాగితం ఫోటో తీసుకోండి. పాస్‌పోర్టు మాత్రం ఎవరి దగ్గరా తాకట్టు పెట్టకండి. నగదు డిపాజిట్ తీసుకునే దుకాణం ఇంకోటి దొరుకుతుంది.

ఇక అసలు విషయం. ఇదంతా మా తమ్ముడి అజాగ్రత్త అని తేల్చేయవచ్చు. కొంత అజాగ్రత్త ఉంది కూడా. కానీ అక్కడితో ఆగితే అన్యాయం. బీమా అనేది మనిషికి ఒక ఊరు ఉందన్న నమ్మకం మీద కట్టిన వ్యవస్థ. ప్రయాణ బీమా దృష్టిలో మీరు ఇంటికి తాళం వేసి వెళ్ళిన మనిషి. తాళం చెవి జేబులో ఉంది, తిరిగి వస్తారు. ఇక్కడి ఆరోగ్య బీమా దృష్టిలో మీరు అసలు గడప దాటని మనిషి. చాలా పాలసీల్లో భౌగోళిక పరిధి అనే చోట భారతదేశం అని ఒకే మాట ఉంటుంది. విదేశాల్లోనూ వర్తిస్తుందని చెప్పే పాలసీలు కొన్ని వచ్చాయి, కానీ వాటి షరతులు వేరుగా చదవాలి. ఇక ఆయా దేశాల ప్రభుత్వ వైద్యం దృష్టిలో మీరు వాళ్ళ పౌరులైనా కావాలి, అక్కడ పన్నో చందానో కట్టే నివాసులైనా కావాలి. థాయిలాండ్ 2002లోనే 30 బాత్ పథకం పేరుతో తన ప్రజలందరికీ వైద్యం అందుబాటులోకి తెచ్చింది. ఎంతో గొప్ప పని. కానీ అది వాళ్ళ పౌరులకు. మన ఆరోగ్యశ్రీ మాత్రం? 2007లో మొదలైంది, లక్షల ప్రాణాలు నిలబెట్టింది. అయినా పొరుగు రాష్ట్రం నుంచి వచ్చి మన ఇటుకబట్టీల్లో పనిచేసే కూలీకి ఆ కార్డు రాదు. ఊరు వదిలి తిరిగే మనిషిని ఎలా చూసుకోవాలో ఏ ప్రభుత్వమూ పూర్తిగా ఆలోచించలేదు. ఆ కూలీకీ మీకూ ఆదాయంలో పోలికే లేదు, కానీ కౌంటరు దగ్గర అడిగే ప్రశ్న ఒకటే.

అందుకే పాలసీ కొనేముందు నన్ను అడగవలసింది ఏ కంపెనీ మంచిది అని కాదు. ఈ పాలసీ నన్ను ఏ ఊరి మనిషి అనుకుంటోంది, అని అడగండి. జవాబు మీ నిజ జీవితంతో సరిపోతే తీసుకోండి. లేకపోతే ఎంత చవకైనా వద్దు.

కొంచెం వివరంగా చెబుతాను. మన దేశంలో అమ్మే ప్రయాణ పాలసీలు చాలావరకు ఒక ప్రయాణానికి 180 రోజుల దాకా ఇస్తాయి. కొన్నిటిని పొడిగించుకోవచ్చు, అయితే గడువు ముగియక ముందే, నిజం చెప్పి పొడిగించుకోవాలి. మూడు నాలుగు నెలలు వెళ్ళి వచ్చేవాళ్ళకు ఇది చాలు. అంతకు మించి ఉండేవాళ్ళకు రెండు రకాలు ఉన్నాయి. నెలనెలా కట్టుకుంటూ పోయే నోమాడ్ పాలసీలు ఒకటి. మీరు ఇప్పటికే విదేశంలో ఉన్నా వీటిని కొనుక్కోవచ్చు, అదే వాటి బలం. కానీ చాలావాటికి లోపల ప్రయాణ బీమా స్వభావమే ఉంటుంది. హఠాత్తుగా వచ్చిన జబ్బు, ప్రమాదం, అంతవరకే. రెండోది అంతర్జాతీయ ఆరోగ్య బీమా. అది ఏడాదికోసారి పునరుద్ధరించుకునేది, ప్రీమియం ఎక్కువ, కొనేటప్పుడు మీ ఆరోగ్య చరిత్ర అంతా అడుగుతారు. క్యాన్సర్ వంటి దీర్ఘకాలిక చికిత్స కూడా అందులో ఉంటుంది. అమెరికాతో కలిపి అయితే ఒక ధర, అమెరికా లేకుండా అయితే ఇంకో ధర. అక్కడి ఆస్పత్రి ఖర్చు అలాంటిది. మీరు అమెరికా వెళ్ళే ఉద్దేశం లేకపోతే అది లేకుండానే తీసుకోండి, డబ్బు చాలా మిగులుతుంది.

ఈ రెంటి మధ్య తేడా జ్వరం వచ్చినప్పుడు తెలియదు. పెద్ద జబ్బు వచ్చినప్పుడు తెలుస్తుంది. అత్యవసర బీమాలో ఒక షరతు ఉంటుంది. రోగి ప్రయాణానికి తగిన స్థితికి చేరగానే స్వదేశానికి పంపే హక్కు కంపెనీకి ఉంటుంది. అంటే ఆపద గడిపి, విమానం ఎక్కించి, శంషాబాదులో దింపుతారు. దిగిన క్షణం నుంచి ఆ పాలసీ పని అయిపోయినట్టే. మిగిలిన చికిత్స ఎవరు భరించాలి? ఇక్కడ మీకు సొంత ఆరోగ్య పాలసీ లేకపోతే, మీరే.

నేను చూసిన ఫైళ్ళలో నన్ను ఎక్కువగా బాధపెట్టినవి ఇవే. విదేశం వెళుతున్నాం కదా, ఇక్కడ ప్రీమియం దండగ అని పాలసీ ఆపేస్తారు. కంపెనీ ఇచ్చిన గ్రూపు బీమా ఉద్యోగంతోనే పోయిందన్న సంగతి కూడా గుర్తుండదు. మూడేళ్ళకు కిడ్నీ జబ్బుతోనో, గుండె జబ్బుతోనో తిరిగి వస్తారు. కొత్త పాలసీకి వెళితే అది ముందే ఉన్న జబ్బు అవుతుంది, కొంతకాలం ఆగాక గాని దానికి డబ్బు ఇవ్వరు. బీమా నియంత్రణ సంస్థ 2024లో ఆ నిరీక్షణ కాలాన్ని గరిష్ఠంగా 36 నెలలకు తగ్గించింది. అంతకు ముందు 48. తగ్గినా అది మూడేళ్ళు. జబ్బు మూడేళ్ళు ఆగదు. పైగా ఐదేళ్ళు విడవకుండా పాలసీ నడిపిస్తే, ఆ తర్వాత మోసం రుజువైతే తప్ప, ఫలానా విషయం దాచారు అనే కారణంతో క్లెయిము తోసిపుచ్చడానికి వీల్లేదు. విడిచిపెట్టారా, ఆ లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద జీఎస్టీ కూడా లేదు. ఇప్పుడు పాతికేళ్ళ వయసులో ఉన్నవాళ్ళు ఒక మామూలు పాలసీ తీసుకుని, ఎక్కడ తిరిగినా దాన్ని చావనివ్వకండి. ప్రీమియం తేదీకి బ్యాంకు ఖాతాలోంచి దానంతటదే వెళ్ళేలా పెట్టుకోండి. మన నంబరుకు వచ్చే ఓటీపీ విదేశంలో అందక పాలసీ జారిపోయిన వాళ్ళు నాకు తెలుసు.

ప్రపోజల్ ఫారంలో బీపీ, షుగర్, థైరాయిడ్, ఎప్పుడో జరిగిన ఆపరేషన్ అన్నీ రాయండి. ఏజెంటు వద్దన్నా రాయండి. సంతకం మీది.

వీసాల గురించి రెండు మాటలు. ఐరోపాలోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంజెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలని ఐరోపా నియమం. అది తక్కువ కాలం ఉండేవాళ్ళకు పెట్టిన కనీస గీత. ఏడాది ఉండేవాళ్ళు దాన్నే చాలనుకోవడం పొరపాటు. స్పెయిన్ 2022 డిసెంబరు చట్టంతో నోమాడ్ వీసా తెచ్చింది. అక్కడ ప్రైవేటు బీమా చూపించేవాళ్ళు స్పెయిన్‌లో వ్యాపారానికి అనుమతి ఉన్న కంపెనీ నుంచి, రోగి వాటా అంటూ లేని పాలసీ తీసుకోవాలి. మన ప్రయాణ పాలసీ పనికిరాదు. మలేషియా నోమాడ్‌ల కోసం 2022లో తెచ్చిన డీఈ రంతావ్ పాసుకు కూడా ఆరోగ్య బీమా అడుగుతారు. థాయిలాండ్ 2024 జూలైలో ఐదేళ్ళ వీసా ఒకటి తెచ్చింది, ఒక్కో రాకకు 180 రోజులు ఉండవచ్చు. బ్యాంకులో 5 లక్షల బాత్ చూపమన్నారు గాని బీమాను షరతుగా పెట్టలేదు. మా తమ్ముడు వెళ్ళింది దాని మీదే. వీసా అడగలేదు కాబట్టి బీమా గురించి ఎక్కువ ఆలోచించలేదని తర్వాత వాడే ఒప్పుకున్నాడు. వీసా ఆఫీసు అడిగేది తన దేశం మీద భారం పడకుండా చూసుకోవడానికి. మీ అవసరం దాని లెక్కలో లేదు.

ఇక్కడ గల్ఫ్ మాట చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. నిజామాబాద్, జగిత్యాల, కరీంనగర్ నుంచి, కడప, కోనసీమ నుంచి దశాబ్దాలుగా మనవాళ్ళు పరాయి దేశంలో కష్టపడుతున్నారు. పదో తరగతి దాటని కార్మికుడు ఈసీఆర్, అంటే వెళ్ళేముందు ప్రభుత్వ అనుమతి కావలసిన పాస్‌పోర్టుతో గల్ఫ్‌కు ఉద్యోగానికి వెళ్ళాలంటే ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా వికలాంగుడైనా పది లక్షలు. ఆ మొత్తం చాలదని నేనూ అంటాను. కానీ అతను విమానం ఎక్కేముందు ప్రభుత్వం అతన్ని ఆపి, బీమా ఉందా అని అడుగుతుంది. నెలకు రెండు లక్షలు సంపాదిస్తూ ల్యాప్‌టాప్‌తో వెళ్ళే మీ పిల్లల్ని విమానాశ్రయంలో ఎవరూ అడగరు. చదువుకున్నవాడు తన సంగతి తానే చూసుకుంటాడని అందరి నమ్మకం. మా ఇంట్లో మేమూ అలాగే నమ్మాం.

నిజంగా దిక్కుతోచని స్థితి వస్తే మన రాయబార కార్యాలయాల్లో భారతీయ సమాజ సంక్షేమ నిధి ఉంది. 2009లో పెట్టారు. అత్యవసర వైద్యానికి, మృతదేహాన్ని స్వదేశానికి పంపడానికి, చేతిలో ఏమీ లేనివాళ్ళకు అందులోంచి సాయం చేస్తారు. మదద్ అనే పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. అది ఉందని తెలుసుకోండి. కానీ అది పేదవాడి కోసం దాచిన డబ్బు, దాన్ని మన బీమాగా లెక్క వేసుకోకూడదు.

పాలసీ కాగితంతో సంబంధం లేని జాగ్రత్తలు కొన్ని చెప్పాలి. బాలిలో ఉబుద్, చాంగు వైపు వెళ్ళేవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు. 2008 దాకా బాలిలో రేబిస్ లేదు. ఆ ఏడాది ప్రవేశించింది, ఇంకా పోలేదు. వీధి కుక్కలు ఎక్కువ, కోతులూ ఎక్కువ. కరిచినా, గీరినా వెంటనే సబ్బు నీళ్ళతో పదిహేను నిమిషాలు కడగాలి, అదే రోజు టీకా మొదలుపెట్టాలి. గాయం లోతుగా ఉంటే ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే మందు కూడా కావాలి. చిన్న ఊళ్ళలో అది దొరకదు. బయలుదేరే ముందే రెండు మోతాదుల టీకా వేయించుకుంటే, కరిచాక టీకా చాలు, ఆ మందు అవసరం ఉండదు. కొలంబియాలోని మెడెలిన్‌కో, బ్రెజిల్‌కో వెళ్ళేవాళ్ళు ఎల్లో ఫీవర్ టీకా కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. వెళ్ళేటప్పటి కన్నా తిరిగి వచ్చేటప్పుడు దాని విలువ తెలుస్తుంది. ఆ దేశాల నుంచి సర్టిఫికెట్ లేకుండా దిగితే మన విమానాశ్రయంలోనే ఆరు రోజుల వరకు విడిగా ఉంచే నియమం ఉంది. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ప్రభుత్వ సంస్థ ఐపీఎంలో ఆ టీకా వేస్తారు.

రోజూ మందులు వాడేవాళ్ళు చీటీ మీద కంపెనీ పేరు కాకుండా మందు అసలు పేరు రాయించుకోండి. ఇక్కడి బ్రాండు పేరు లిస్బన్ మందుల దుకాణంలో ఎవరికీ తెలియదు. ట్రమడాల్, కోడీన్ ఉన్న మందులతో దుబాయ్‌లో దిగాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. చియాంగ్‌మాయ్ వెళ్ళే ఉబ్బసం రోగులు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా అక్కడ ఉండకండి. పొలాలు, అడవులు తగలబెట్టే కాలం అది, ఊరంతా పొగ. స్కూటరు నడిపేవాళ్ళు ఆర్టీఏ ఆఫీసుకు వెళ్ళి వెయ్యి రూపాయల రుసుముతో అంతర్జాతీయ పర్మిట్ తీసుకోండి, ఏడాది చెల్లుతుంది. మీ లైసెన్సులో మోటారు సైకిల్ ఉందో లేదో ముందు చూసుకోండి. కారు లైసెన్సుతో స్కూటరు నడిపితే అదే తిరస్కరణ లేఖ. మద్యం తాగి నడిపితే ఇక చెప్పవలసిన పనే లేదు.

ఇప్పుడు ప్రశ్నలు అడగండి.

(ఒక యువతి: నేను పోర్చుగల్ వెళుతున్నాను. అక్కడ నివాస అనుమతి వస్తే ప్రభుత్వ వైద్యం ఉచితం అంటున్నారు. ప్రైవేటు బీమా అవసరమా?)

అవసరమే అమ్మా. పోర్చుగల్ నోమాడ్‌లకు ఇచ్చే డీ8 వీసా 2022 అక్టోబరు చివర మొదలైంది, అక్కడి కనీస వేతనానికి నాలుగు రెట్ల ఆదాయం చూపాలి. నువ్వు విన్నది నిజమే. నివాస అనుమతి చేతికొచ్చాక ఆరోగ్య కేంద్రంలో నమోదు చేసుకుంటే ఒక నంబరు ఇస్తారు, దానితో ప్రభుత్వ వైద్యం అందుతుంది. కానీ ఆ అనుమతి ఇచ్చే కార్యాలయంలో 2024లో దరఖాస్తులు లక్షల్లో పేరుకుపోయి ఉన్నాయి. నెలలు పట్టవచ్చు. ఆ నెలల్లో నువ్వు ఏ ఊరి మనిషివి? ఇక్కడిదానివి కాదు, అక్కడిదానివి ఇంకా కాలేదు. బీమా కావలసింది సరిగ్గా ఆ కాలానికే. నంబరు వచ్చాక కూడా, ఆ దేశంలో పది లక్షలకు పైగా మందికి కుటుంబ వైద్యుడు దొరకలేదు. కనీసం మొదటి ఏడాది బీమా ఉంచుకో.

(ఒక యువకుడు: క్లెయిము అన్యాయంగా తిరస్కరిస్తే ఏం చేయాలి? విదేశీ కంపెనీ అయితే?)

ఇక్కడి కంపెనీ అయితే ముందు వాళ్ళ ఫిర్యాదుల అధికారికి రాయాలి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, ఇలాంటి ఫిర్యాదులు విని తీర్పు చెప్పే బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళవచ్చు. మన రెండు రాష్ట్రాలకూ హైదరాబాద్‌లోనే కార్యాలయం ఉంది. ఫీజు లేదు, వకీలు అక్కరలేదు, తిరస్కరణ లేఖ వచ్చిన ఏడాదిలోపు వెళ్ళాలి. విదేశీ కంపెనీకి అది వర్తించదు, ఆ కంపెనీ ఏ దేశంలో నమోదైందో అక్కడి దారి పట్టాలి. కొనేముందే పాలసీలో ఏ దేశ చట్టం వర్తిస్తుందో రాసి ఉంటుంది, ఆ వాక్యం వెతికి చదువు. మేము అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళలేదు. మా కేసులో అన్యాయం లేదు కాబట్టి.

(వెనుక వరుసలో ఒక తల్లి: మా అబ్బాయి బీమా ఉందనే అంటాడమ్మా. అది నిజంగా పనికొచ్చేదో కాదో మాలాంటివాళ్ళకు ఎలా తెలుస్తుంది?)

మీ కోసమే చూస్తున్నానండీ. ఉందా అని అడగకండి, పాలసీ పంపమనండి. అందులో నాలుగు చోట్ల చూడండి. ఎప్పటి నుంచి ఎప్పటి దాకా అని తేదీలు, ఏ దేశాల్లో వర్తిస్తుందో, మన జేబులోంచి ముందుగా కట్టవలసింది ఎంతో, రాత్రీ పగలూ పలికే ఫోన్ నంబరు. ఆ నంబరుకు ఒకసారి ఫోన్ చేసి చూడండి. ఎత్తుతారో లేదో ఇప్పుడే తెలుస్తుంది. మీ కార్డు మీద విదేశీ లావాదేవీ ఎలా తెరవాలో కూడా అబ్బాయి చేతనే నేర్చుకోండి.

మా అమ్మ ఏం చేసిందో చెబుతాను. ఆ జూలై తర్వాత ఒక తెల్లకాగితం మీద తమ్ముడి పాస్‌పోర్టు నంబరు, పాలసీ నంబరు, కంపెనీ ఫోను, వాడి రక్తం గ్రూపు, పెన్సిలిన్ పడదన్న సంగతి, గది యజమానురాలి నంబరు, 1669, అన్నీ తన చేత్తో రాసి బీరువా తలుపు లోపల అంటించింది. వాడి కాలు నయమైంది. ఇప్పుడు అంతర్జాతీయ ఆరోగ్య బీమా తీసుకున్నాడు, ఇక్కడి పాలసీ కూడా నడుస్తోంది. పోయిన నెల డా నాంగ్‌కు మకాం మార్చాడు. ఆ రోజు వాడితో ఫోన్‌లో మాట్లాడుతూనే అమ్మ పెన్ను తీసుకుని, 1669 కొట్టేసి దాని పక్కన 115 అని రాసింది.